చల్లటి పైకప్పుకు దరఖాస్తు

కరెంటు వాడకం తగ్గించే చల్లటి పైకప్పుకు సర్కారు సాయం కావాలంటే రామగుండంలో ఇప్పుడు ఎవరూ ఆఫీసు మెట్లెక్కడం లేదు. ప్రతి ఇంటి గోడకూ బిగించిన కెమెరా కన్ను ఒక పూటంతా ఇంటి వేడిని చూసి, అడగాల్సింది అడిగి, దరఖాస్తు తనే నింపుతుంది. లోపల నలభై డిగ్రీలు దాటిన ఇళ్లకే ఈ ఏడు సాయం. ఇంత మండే మే నెలలోనూ స్వరూప ఇల్లు ముప్పై ఎనిమిది దగ్గరే మొండికేసింది.

అందుకే ఆమె కిటికీలన్నీ మూసి, గిన్నె పెట్టకుండానే రెండు పొయ్యిలూ వెలిగించింది. నడింట్లో మంచం పట్టి ఉన్న అత్త పోశవ్వకు ఒక్క మాటైనా చెప్పలేదు.

గంట తర్వాత గోడ పలికింది. "నలభై ఒకటి. కానీ ఈ వేడి పైకప్పు నుంచి రాలేదు, పొయ్యిల నుంచి వచ్చింది. ఎవరు వెలిగించారు?"

స్వరూపకు తల కొట్టేసినట్టయింది.

"నేనే ముట్టియ్యమన్న," అంది మంచం మీది నుంచి పోశవ్వ. "సలి పెడ్తాంది నాకు." అంటూనే దుప్పటి మెడదాకా లాక్కుంది. ఆమె ముఖం మీద చెమట ధారలు కడుతోంది.

గోడ మళ్లీ పలికింది. "ఇంత ఎండలో వృద్ధురాలికి చలి. ఇది జబ్బు లక్షణం. వేడికి జబ్బుపడ్డ మనిషి ఉన్న ఇంటికి డిగ్రీల లెక్క లేదు. మీ ఇంటిని సాయం అందే మొదటి జాబితాలో చేర్చాం."

స్వరూప పరుగున వెళ్లి పొయ్యిలార్పింది. తిరిగొచ్చి, అత్త ముఖంలోకి చూడలేక, తల వంచుకునే దుప్పటి తీయబోయింది.

పోశవ్వ ఆమె చెయ్యి పట్టి ఆపి, చెవిలో అంది.

"ఉండనియ్యి బిడ్డా. గోడ ఇంకా సూస్తాంది."