ఎర్ర కుర్చీలో ముళ్ల కాయ

హారొబీ హాల్ అనే ఈ పాతకాలపు దొరల బంగళా చూడ్డానికి వచ్చే జనానికి కళ్లుండవు, పిర్రలే ఉంటాయి. ఖాళీ కుర్చీ కనిపిస్తే చాలు, కూలబడతారు. మూడొందల ఏళ్లనాటి కుర్చీల మీద 'కూర్చోవద్దు' అని బోర్డు పెడితే గది అందం చెడుతుందని, ఒక్కోదాంట్లో ఒక ఎండిన ముళ్ల కాయ పెడతాం. అది చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. అర్థం కానివాళ్లని తిట్టడానికి నేనున్నాను. జీతం లేకుండా పదకొండేళ్లుగా తిడుతున్నాను.

నవంబరులో నాలుగున్నరకే చీకటి. ఆఖరి గుంపు కూడా వెళ్లిపోయింది. మోకాళ్లు సలుపుతున్నాయి. గుమ్మం పక్కన నా మడత కుర్చీ ఉంది గానీ, అది ఉత్త చెక్క. ఎప్పుడో పోయిన దొరగారి ఎర్ర కుర్చీలోంచి కాయ తీసి, రెండంటే రెండు నిమిషాలు కూర్చున్నాను. మెత్తగా ఉంది. వెచ్చగా కూడా ఉంది.

ఆ గదిలో నిప్పు రాజేసి అరవయ్యేళ్లయింది.

చటుక్కున లేచి, కాయ మళ్లీ ఆ కుర్చీలోనే పెట్టేసి, కిటికీ తలుపులు మూయడం మొదలుపెట్టాను.

మెట్ల కింద నుంచి కాపలాదారు డెస్మండ్ కేకేశాడు. "హెస్టర్ గారూ, దొరగారితో కబుర్లయ్యాయా? తాళం వేసుకుని నేను ఇంటికి పోవద్దూ?"

"నోరు మూసుకో, వస్తున్నా!"

ఆఖరి తలుపు మూసి, సంచీ కోసం నా మడత కుర్చీ వైపు తిరిగాను.

దాని నడిమధ్యన ముళ్ల కాయ ఉంది.

నా వెనక ఎర్ర కుర్చీ కిర్రుమంది, బరువైన మనిషెవరో తీరిగ్గా వెనక్కి వాలినట్టు.

"పైన ఇంకెవరూ లేరుగా?" అన్నాడు డెస్మండ్.