దురద పోయేదాకా

"ఇంకా గోక్కుంటూనే ఉన్నావుగా అమ్మాయ్. పాపని ఎలా ఇవ్వమంటావు?" అంది వదిన, కింది వాటా గుమ్మానికి అడ్డంగా నిలబడి.

తల్లి చాచిన చేతులు వెనక్కి తీసుకుంది. తొమ్మిది నెలల పాప వదిన చంకలోంచి తల్లిని ఒకసారి చూసి, ఎవరో పక్కింటి మనిషిని చూసినట్టు ముఖం తిప్పుకుని వదిన గొలుసుతో ఆటలో పడింది.

గజ్జి వచ్చినప్పుడు ఇంటిల్లిపాదికీ వచ్చింది. అందరూ కలిసే డాక్టరు దగ్గరికి వెళ్లారు. తల్లి చేతులు మరీ ఘోరంగా ఉండటంతో పాపని వదినే ఎత్తుకుంది. తన వంతు అయిపోగానే తల్లి సిగ్గుతో బయటికొచ్చి బల్లమీద కూర్చుంది. మిగతావాళ్లూ ఒక్కొక్కరే బయటికొచ్చేశాక, రాసిచ్చిన గజ్జి సబ్బు ఎలా వాడాలో డాక్టరు చెబుతుంటే లోపల విన్నది వదిన ఒక్కతే. "దురద పోయేదాకా రుద్దుకోమన్నారు. అప్పటిదాకా పాపని ముట్టుకోవద్దన్నారు" అని బయటికొచ్చి చెప్పింది.

అందరూ ఒకే రోజు మొదలుపెట్టారు. బట్టలూ దుప్పట్లూ మరగబెట్టి ఎండలో ఆరేశారు. అందరికీ తగ్గింది, తల్లికి తప్ప.

ఏడు వారాలైంది. పొద్దున్నా సాయంత్రమూ మెడ నుంచి అరికాళ్లదాకా నురగ పట్టించుకుని స్నానాలగదిలో నిలబడుతోంది. మొదట్లో పది నిమిషాలు, ఇప్పుడు అరగంట. ఒళ్లంతా భగ్గుమంటుంది. మంట పుడితే మందు పనిచేస్తున్నట్టేనని తనకు తనే సర్దిచెప్పుకుంటోంది పిచ్చిది. సబ్బు అరిగేలోపే వదిన కొత్తది తెచ్చి మెట్లమీద పెట్టి వెళుతుంది. ఆ విషయంలో ఆవిడకి వంక పెట్టడానికి లేదు.

భర్తతో చెప్పుకుని ఏడిస్తే, అక్క మన మంచికేగా చెబుతోంది అన్నాడు. దురద పోయినవాడికి ఆ మాట తేలిగ్గానే వస్తుంది. పాలు ఎప్పుడో ఇంకిపోయాయి. పాపకి మొదటి పన్ను వచ్చిన సంగతి తల్లికి పక్కింటావిడ చెబితే తెలిసింది.

ఈ రోజు కుట్టుపని దగ్గర తెల్లటి స్కూలు చొక్కాకి ఆమె వేళ్ల రక్తం అంటింది. మేస్త్రి కసురుకోలేదు. డాక్టరు చీటీ తెచ్చాకే మళ్లీ మిషను ముందు కూర్చోమని గొంతు తగ్గించి చెప్పాడు. అలా మెల్లగా చెప్పడమే ఆమెకి ఎక్కువ అవమానమనిపించింది. బిడ్డ దూరమైంది, పని పోయింది, ఈ దురద మాత్రం చచ్చేదాకా తనని వదలదనుకుంటూ ఆ డాక్టరు దగ్గరికే వెళ్లింది.

డాక్టరు భూతద్దం పెట్టి వేళ్ల సందులూ మణికట్లూ చాలాసేపు వెతికాడు. సబ్బు ఎన్నాళ్లు వాడారని అడిగాడు. ఆమె చెప్పింది.

"అది మూడు రోజులు వాడే సబ్బమ్మా" అన్నాడు భూతద్దం పక్కన పెట్టి. "గజ్జి ఎప్పుడో పోయింది. పోయాక కూడా కొన్నాళ్లు దురద ఉంటుంది, దానంతటదే తగ్గుతుంది. ఇప్పుడు మీ ఒంటిమీద ఉన్నది గజ్జి కాదు. ఆ సబ్బు చేసిన పుండ్లు."

"అయితే పాపని ఎత్తుకోవచ్చాండీ?" అంది తల్లి.

డాక్టరు చీటీ రాయడం ఆపి, వింతగా తలెత్తి చూశాడు.

"పాపని జలుబుకని తెచ్చినప్పుడు, నెల కిందటే చెప్పానే, ఇంకా ఎవరైనా ఆ సబ్బు వాడుతుంటే ఆపేయమని, పాపని అందరూ ఎత్తుకోవచ్చని. మీకు చెప్పలేదా ఆవిడ, పాప వాళ్లమ్మ?"