ఆగి ఆగి చదివిన పిల్ల

"మేడమ్, ఈ పాప పేరు ఎర్రరంగులో ఉంది. నిమిషానికి పన్నెండు మాటలే చదివిందట. మీరేం చేశారు?" అడిగాడు టీచర్లకు కొత్త యాప్ నేర్పడానికొచ్చిన కుర్రాడు.

"వెనకబడ్డవాళ్ల గ్రూపులో వేశాను బాబూ," అంది టీచరమ్మ. "పల్లెత్తు మాట అనకుండా బడే మానేసింది."

"పాప ఇంట్లో చదివి యాప్‌లో పంపిన రికార్డింగ్ విన్నారా?"

"అంతమంది పిల్లలవి వినడానికి తీరికేది? స్కోరు చూశాను. మిషను అబద్ధం చెబుతుందా?"

కుర్రాడు ఇయర్‌ఫోన్లు ఆమె చేతిలో పెట్టాడు.

పాప ఒక్కో మాటా గలగలా పలికి, ఆగుతోంది. ఆగినచోటల్లా ఓ ఆడమనిషి గొంతు తడబడుతూ అదే మాట పలుకుతోంది. "తొందరేం లేదమ్మా. వేలు పెట్టి చదువు," అంటోంది పాప.

టీచరమ్మకు అప్పుడర్థమైంది. పిల్ల తల్లికి చదువు చెబుతోంది.

"పై గ్రూపులోకి మార్చేద్దామా మేడమ్? ఒక్కసారి నొక్కితే చాలు."

ఆమె ఇయర్‌ఫోన్లు తీయలేదు. చెవిలో పాఠం అయిపోయింది. తల్లి నవ్వుతూ అడుగుతోంది:

"రేపు ఇంకో పేజీ చెబుతావా, టీచరమ్మా?"