చుక్క తప్పిన డబ్బా

"కొవ్వొత్తులు?"

"వంటింట్లో రెండో అర, ఎడమవైపు. అగ్గిపెట్టె వాటి పక్కనే."

"టార్చి?"

"మంచం తలవైపు మేకుకి. బ్యాటరీలు విడిగా, డబ్బాలో."

"మెయిన్ స్విచ్చి?"

"మెట్ల కింద. ముందు చెప్పులేసుకోవాలి, ఆ తర్వాతే ముట్టుకోవాలి."

పద్దెనిమిదేళ్ల కూతురు ముందుగదిలో గోడకి మొహం పెట్టి నిలబడి, దేన్నీ చూడకుండా జవాబులు చెబుతోంది. వెనక అమ్మ గదులన్నీ తిరుగుతూ ఒక్కొక్కటీ సరిచూస్తోంది. నాన్న మూతపడని సూట్‌కేసు మీద బరువంతా వేసి కూర్చున్నాడు.

"ఇన్‌స్పెక్టరు గారూ, బస్సు పదకొండున్నరకి. ఫలితాలు ఆలోపు ఇస్తారా?" అన్నాడు.

"మీకంతా నవ్వులాటే. ముందు ఇల్లు చక్కబడాలి, తర్వాతే ఊరు దాటడం. ఒక్కటి తప్పినా ప్రయాణం లేదు, ముందే చెప్తున్నా."

కూతురి కాళ్లు నేలమీద నిలవడం లేదు. ఇప్పుడొచ్చిన ఉత్తరం లాంటిదే పోయినేడూ వచ్చింది. పెద్దాసుపత్రి మందుల స్టోరులో పనికి ఆరు నెలల శిక్షణ. హాస్టల్లో ఉండాలి. చదువు పదో తరగతి చాలు, ఎక్కడి వస్తువు అక్కడ పెట్టే అలవాటుండాలి అని రాశారు. తీరా బయల్దేరే పొద్దున ఇస్త్రీపెట్టె తీగ పొగలు కక్కింది. మెయిన్ స్విచ్చి ఎక్కడుందో గుర్తురాక తనూ నాన్నా కాలు కాలిన పిల్లుల్లా ఇల్లంతా తిరిగారు. అమ్మ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి ఆపేసింది. ఆ ఊపులోనే సూట్‌కేసు విప్పి బట్టలన్నీ మళ్లీ బీరువాలో పెట్టేసింది.

"ఈ ఇంట్లోంచి ఎవరూ ఎక్కడికీ వెళ్లక్కర్లేదు" అంది.

అందుకే ఈసారి కూతురు పంతం పట్టింది. దరఖాస్తు తనే నింపింది. సంతకం కోసం మూడు రోజులు అమ్మ వెంటపడింది. సూట్‌కేసు కూడా తనే సర్దింది. బరువైనవి అడుగున, నీలం యూనిఫారాలు మధ్యన, మందులు పైన, లోపలేమున్నాయో రాసిన కాగితం మూతకి అతికించి.

ఈ విద్యంతా అమ్మ పెట్టిన భిక్షే. ఆరేళ్లప్పుడు కూతుర్ని స్టూలెక్కించి, వంటింటి డబ్బా మూతలన్నిటికీ గోళ్లరంగుతో ఎర్ర చుక్కలు పెట్టించింది. చుక్క ఎప్పుడూ ముందుకే చూడాలి. పక్కకి తిరిగిందంటే ఎవరో హడావుడిగా మూశారన్నమాట. మూత సరిగ్గా పడదు, చీమలు పడతాయి, ఆ చీమలు కడుపులోకి పోతే ఇంకేమైనా ఉందా... అమ్మ భయం అక్కడినుంచి ఆసుపత్రి దాకా వెళ్లి గానీ ఆగేది కాదు. ఎనిమిదేళ్లకి సాక్సులు జత కుదిర్చి మడవడం. పదేళ్లకి మందుల మీద తేదీలు చూసి పాతవి తీసెయ్యడం. పని పూర్తయితేనే ఆట. అప్పట్లో ఎంత ఏడ్చేదో.

"ఎవరికైనా జ్వరం వస్తే?"

"థర్మామీటరు బీరువా పై అరలో. గంటకోసారి చూసి కాగితం మీద రాయాలి."

"ఆఖరిది. ఇంటి రెండో తాళంచెవి?"

"తలుపు వెనక మూడో మేకు."

"తీసి చూపించు."

కూతురు గెలిచేసినట్టే తలుపు లాగింది. మూడో మేకు ఖాళీగా ఉంది.

"చూశావా," అంది అమ్మ. "నా మనసు చెబుతూనే ఉంది. ఇంటి తాళంచెవికే దిక్కు లేదు, ఇక ప్రయాణమేంటి? లేవండి, పెట్టె విప్పాలి."

నాన్న సూట్‌కేసు మీంచి లేవలేదు. "నిన్న సాయంత్రం అక్కడే ఉంది, నేను చూశాను. పదకొండవుతోంది చిన్నీ, త్వరగా వెతుకు."

వస్తువుకి కాళ్లుండవు, దాన్ని తీసిన చేతిని వెతుకు. ఇది కూడా అమ్మ మాటే. కూతురు వంటింట్లోకి పరుగెత్తింది. అర మీద పద్నాలుగు డబ్బాలు. పదమూడు ఎర్ర చుక్కలు ఆమె వైపే చూస్తున్నాయి. పంచదార డబ్బా చుక్క ఒక్కటే గోడవైపు తిరిగి ఉంది.

నాన్న పని కాదు. నాన్నయితే అసలు మూతే పెట్టడు.

చెంచాతో కదిపితే ఠంగుమంది. పంచదార అంటుకున్న తాళంచెవి పట్టుకుని ఆమె అమ్మ ముందు నిలబడింది.

"నువ్వే దాచావు కదమ్మా."

అమ్మ తడిలేని చేతులు తుడుచుకుంది. "భయమేసిందే. కొత్త ఊరు, తెలిసిన మొహం ఒక్కటుండదు. అంత పెద్ద స్టోరులో ఒక మందు బదులు ఇంకోటి ఇస్తే? ఎవరి ప్రాణం మీదకైనా వస్తే?"

"తప్పులు వాళ్ల ముందే చేయించి దిద్దుతారు. శిక్షణంటే అదే కదా. పన్నెండేళ్లుగా ఈ ఇంట్లో జరిగిందీ అదే కదా."

"చుక్క చూసి పట్టుకున్నావా?"

"మరి ఎవరి శిష్యురాలిననుకున్నావు?"

అమ్మ ముక్కు ఎగబీల్చి, తాళంచెవి అందుకుని ఫక్కున నవ్వింది. "పాస్."

ఆ మాట కోసమే కాచుక్కూచున్నట్టు నాన్న సూట్‌కేసు భుజానికెత్తుకున్నాడు. ముగ్గురూ వీధిలో పరుగు లాంటి నడక నడిచారు. మలుపు దగ్గరికి వచ్చేసరికి బస్సు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. నాన్న పెట్టె లోపలికి అందించాడు.

"రోజూ ఫోను. ఒక్కరోజు మానినా నాకు నిద్ర పట్టదు," అంది అమ్మ.

"రోజుకి రెండుసార్లు. సరేనా?" అంది కూతురు.

అమ్మ ఆమె జుట్టు సవరించింది. తాళంచెవి కూతురి అరచేతిలో పెట్టి, వేళ్లు గట్టిగా మూసింది. డ్రైవరు హారన్ కొట్టాడు.

కూతురూ నాన్నా కిందే నిలబడ్డారు. శిక్షణకి అమ్మ బస్సెక్కింది.