గంటన్నర కరెంటు

కుందుర్పిలో బయలుదేరేటప్పుడు జయరాం చేతిలో ఉన్నవి మూడు: బండిలో అరవై శాతం చార్జి, కుట్టించి కట్టలు కట్టిన మూడు వందల అరవై జీన్స్ ప్యాంట్లు, ఐదు గంటల సమయం.

సాయంత్రం ఐదింటికి రాయదుర్గం నుంచి బళ్లారి లారీ కదులుతుంది. సరుకు అందులో ఎక్కకపోతే ఆర్డరు ఇంకొకరికి ఇచ్చేస్తానని బళ్లారి షావుకారు ముందే చెప్పాడు. ఆ ఆర్డరు ఉంటేనే ఈ కొత్త ఎలక్ట్రిక్ ఆటోకు నెలనెలా బ్యాంకు కంతు కట్టగలడు.

డీజిలు ఆటోకు కిలోమీటరుకు నాలుగు రూపాయలు. దీనికి రూపాయి లోపే. పొద్దున వచ్చేటప్పుడు నలభై శాతం ఖర్చయింది. పోయేటప్పుడూ నలభై. ఇంకా ఇరవై మిగులు.

ఆ లెక్కలో జయరాం గాలిని కలపలేదు.

పొద్దున ఖాళీ బండిని వెనకనుంచి తోసిన ఆషాఢపు గాలి, మధ్యాహ్నం నిండు బండికి ఎదురొచ్చింది. గుట్టల మీద గాలిమరలు గిరగిరా తిరుగుతూ ఎక్కడెక్కడికో కరెంటు పంపుతున్నాయి. కింద రోడ్డు మీద బండిలో అంకె ముప్పై అయింది, పద్దెనిమిది అయింది, తొమ్మిది అయింది.

ఒంటిగంటన్నరకు, రాయదుర్గం ఇంకా ఇరవై కిలోమీటర్లు ఉందనగా, బండి నిలిచిపోయింది.

రోడ్డు పక్కనే బోరు. మోటారు అప్పుడే వేసినట్టున్నారు, పైపులోంచి నీళ్లు దూకుతున్నాయి. స్టార్టరు పెట్టె దగ్గర తలగుడ్డ చుట్టుకున్న మనిషి నిలబడి ఉన్నాడు.

“ఏమప్పా, చప్పుడే లేకుండా వచ్చి చప్పుడే లేకుండా నిలబడిండాది నీ బండి?”

“చార్జి అయిపోయిందన్నా. నీ పెట్టెలోంచి రవ్వంత కరెంటు ఇస్తావా?”

“డీజిలు బండైతే సీసా ఎత్తుకొని పోయి తెచ్చుకుంటావు. దీనికి ఏం ఎత్తుకొని పోతావు?”

“తర్వాత తిట్టన్నా. ఐదింటికి లారీ పోతాది.”

ఆ మనిషి నవ్వి, పెట్టె మూత తెరిచాడు. పేరు ఓబన్న అని చెప్పాడు. బోరు కాసే జీతగాడనుకున్నాడు జయరాం. జయరాం వైరు తగిలించాడు.

చార్జరు దీపం ఒకసారి వెలిగి ఆరిపోయింది.

“మోటారు ఆడతాంటే దానికి ఓల్టేజీ చాలదు” అన్నాడు ఓబన్న. నీళ్ల వైపు చూశాడు. “లారీ పోతే ఏమవుతాది నీకు?”

“ఆర్డరు పోతాది. ఆ ఎనకాలే బండిని బ్యాంకోళ్లు ఎత్తుకొని పోతారు.”

ఓబన్న పక్క చేను వైపు తిరిగి చూశాడు. తర్వాత ఎర్ర బటను నొక్కాడు. పైపులో నీళ్లు తగ్గి, బొట్లు బొట్లుగా కారి, ఆగిపోయాయి.

చార్జరు దీపం వెలిగి నిలిచింది.

“కరెంటు ఎంతసేపు ఉంటాదన్నా?”

“మూడింటికి తీసేస్తారు.”

గంటన్నర. ముప్పై శాతం ఎక్కితే చేరుకోవచ్చు. ఒక్క శాతం తగ్గినా దారిలోనే. జయరాం బండి ముందు కూర్చుని అంకె మీదనుంచి కళ్లు తిప్పలేదు.

ఓబన్న మాత్రం ఒక చోట నిలవలేదు. చేను గట్టు దాకా పోతాడు, వస్తాడు, పొద్దు వైపు చూస్తాడు, అంకె వైపు చూస్తాడు.

దుడ్ల కోసం కాచుకొని ఉన్నాడని జయరాం పసిగట్టాడు. మూడు వందలు అడుగుతాడో, ఐదు వందలు అడుగుతాడో! అటు తిరిగి పెద్ద నోట్లు లోపలి జేబులోకి మార్చాడు. పైజేబులో ఒక్క వంద ఉంచాడు.

“ఎంతాయె?” అడిగాడు ఓబన్న.

“ఇరవై రెండు.”

“చాలునా?”

“ఇంకో ఎనిమిది కావాలన్నా.”

“అట్లయితే ఉండు, తొందరపడొద్దు. సగం దావలో నిలబడితే నీ పనీ చెడతాది, నా పనీ చెడతాది.”

నీ పనేమిటని జయరాం అడగలేదు. గడియారం చూసుకున్నాడు.

మూడింటికి కరెంటు పోయింది. అంకె ముప్పై మూడు దగ్గర ఆగింది.

“ఎంత ఇమ్మంటావన్నా?”

“కరెంటు నేను చేసిందా ఏమి? లారీ చూసుకో, పో.”

అదీ నిజమే. పొలం కరెంటుకు బిల్లు రాదు. బోరు కాసే జీతగాడికి ఇందులో పోయింది సున్నా. వంద ఇస్తే అంతా లాభమే. జయరాం నోటు అతని చేతిలో పెట్టి బండి ఎక్కాడు.

నాలుగూ నలభైకి, నాలుగు శాతం మిగిలి ఉండగా, సరుకు లారీ ఎక్కింది.

వారం తర్వాత జయరాం అదే దారిలో బోరు దగ్గర బండి ఆపాడు. ఓబన్న కోసం ఒక ప్యాంటు తెచ్చాడు. ఇంకోసారి చార్జి అయిపోతే పనికొచ్చే మనిషి కదా.

మోటారు దగ్గర ఒకామె నీళ్లు మళ్లిస్తోంది.

“అమ్మా, మీ బోరు కాసే ఓబన్న యాడికి పోయినాడు?”

“ఈ రామాంజినమ్మ బోరుకు కాపలా యాల? నేనే కాసుకుంటా” అందామె. “ఓబన్న పక్క అరెకరం కౌలుకు చేసినోడు. నాలుగు దినాలకొకసారి మా బోరు నీళ్లు ఆయప్పకు వంతు ఇస్తాంటి. ఇప్పుడు చేను వదిలేసి బెంగుళూరికి మట్టి పనికి పోయినాడు.”

“ఎందుకమ్మా?”

“పోయిన వారం ఉన్న దుడ్లన్నీ పోసి టమోటా నారు తెచ్చి నాటినాడు. నాటిన పూటే తడి ఇయ్యల్ల కదా! మోటారు వేసినోడు వేసినట్టే ఆపేసినాడు. మళ్లీ వంతు వచ్చే లోపల అంతా మాడిపాయె. ఏమైందప్పా అంటే చెప్పలేదు.”

జయరాం గట్టెక్కి చూశాడు. సాళ్ల పొడవునా, దారపు పోగుల్లా, ఎండిన నారు.

ఆ ప్రయాణంలో అతనికి ఆర్డరు నిలిచింది, కంతు తప్పలేదు, బండి తనదిగానే ఉంది. తాను సున్నా ఖరీదు కట్టిన ఆ గంటన్నర, ఓబన్న తన నీళ్ల వంతులోంచి తీసి ఇచ్చింది.