నాడాలు కుట్టిన టైలు

సిలాసు దగ్గరున్న పాత టైలన్నీ శవాల మెడల్లోంచి ఊడదీసినవేనని వాళ్ల చర్చికే వచ్చే షెరిన్ ప్రార్థన కూటంలో అందట. ఆ మాట మోసుకొచ్చింది పక్క ఫ్లాటు పెర్సిస్.

"చర్చిలో ఎవరు పోయినా అన్నయ్యే ముందుంటాడు కదా వదినా. బిగుసుకుపోయిన మెడ లేవదుగా, అందుకని వెనక కత్తిరించి లాగేస్తాడట. నేను నమ్మలేదనుకో," అని టీ తాగి వెళ్లింది.

జ్ఞానకుమారికి తల కొట్టేసినట్టయింది. మొగుడు సిలాసు ఆసుపత్రిలో శవాల గదికి కాపలా కాసి రిటైరైనవాడు. అలాంటివాడు ఆదివారం ఆరాధన కాగానే, ద్వారకకి కొత్తగా వచ్చిన మెట్రో ఎక్కి, ఎర్రకోట వెనక పాతబట్టల సంతలో కొంటున్నానంటే ఇన్నాళ్లూ నమ్మింది. తెచ్చినవాటికి కెటిల్ ఆవిరి పట్టేవాడు. పట్టువాటిని తమలపాకు చిలకల్లా చుట్టి, లవంగాల మూట వేసి రేకుపెట్టెలో దాచేవాడు. తన మెడకి మాత్రం ఏనాడూ ఒక్కటి కట్టుకున్న పాపాన పోలేదు.

పెట్టె తెరిచింది. పైనున్న నాలుగూ మెడ వెనక వచ్చేచోట తెగే ఉన్నాయి. తెగినచోట నాడాలు కుట్టి ఉన్నాయి. చేసిన పని కప్పిపుచ్చుకోడానికి కాబోలు.

కింద పాతబట్టలకి స్టీలు సామాన్లిచ్చే మనిషి అరుస్తోంది. జ్ఞానకుమారి ఆమెని పైకి పిలిచి పెట్టె బోర్లించింది. ఒక స్టీలు డబ్బా చేతికొచ్చింది.

సాయంత్రం సిలాసు చెప్పులు విప్పకుండానే లోపలికొచ్చాడు. గోడలకి రంగులేసే ధర్మయ్య పోయాడట, ఇంటివాళ్లు కబురంపారట. నేరుగా వెళ్లి పెట్టె మూత ఎత్తాడు.

"జ్ఞానం, టైలేవి?"

"డబ్బాకి ఇచ్చేశాను. ధర్మయ్యది విప్పుకొచ్చి మళ్లీ మొదలెట్టండి."

షెరిన్ అన్నదీ, పెర్సిస్ చెప్పిందీ, తను కళ్లారా చూసిందీ గుక్క తిప్పుకోకుండా ఏకరువు పెట్టి కడిగేసింది. గోడమీది ఫొటో చూపించింది. శవపేటికలో ఆమె తండ్రి, కోటు, మెరూన్ టై. బతికినన్నాళ్లూ చొక్కా గుండీ ఎరగని కూలి, పోయేటప్పుడు దొరలా పోయాడని రేపల్లెలో నెల్లాళ్లు చెప్పుకున్నారు.

"మా నాన్న పేదోడే. అయినా మా తమ్ముడు గుంటూరు నుంచి కొత్త టై తెప్పించి సాగనంపాడు. శవాల మెడలు తడిమే బతుకు మా ఇంటావంటా లేదు."

సిలాసు ఖాళీ పెట్టెకి మెల్లగా మూత వేశాడు.

"మీ నాన్నకి నేను కట్టిందీ ఈ పెట్టెలోదే, మెడ లేవదని వెనక కోసి నాడాలు కుట్టిందే."