ఎడమ గట్టు

పార్కింగ్ కోసం తవ్వుతున్న గోతిలో మనిషి పుర్రె బయటపడింది.

ఎక్స్‌కవేటర్ ఆగిపోయింది. ఆపరేటర్ కిందికి దిగి హెల్మెట్ తీసేశాడు. మధుమిత వంగి గోతిలోకి చూసింది. ఈ తూర్పు గట్టున సమాధులు లేవని రిపోర్టు మీద సంతకం పెట్టిన ఆర్కియాలజిస్టు తనే.

కెనడాలో ఒటావాకు దక్షిణంగా గంటన్నర దూరంలో ఉన్న పాత కాలువ అది. రెండు వందల ఏళ్ల కిందట ఐర్లండ్ నుంచి వచ్చిన కూలీలు తవ్వారు. చలిజ్వరంతో పోయినవాళ్లను గట్టునే పాతిపెట్టారు. ఏ గట్టున? దొరికిన ఆధారం ఒక్కటే. షానన్ నది మీద పని నేర్చుకుని వచ్చిన ఐరిష్ మేస్త్రీ డైరీ. అందులో పదకొండు పేర్లు, వాటి కింద ఒక వాక్యం: "వీళ్లను ఎడమ గట్టున పెట్టాం."

ఆ డైరీని మధుమిత రిపోర్టు కోసం చదివిపెట్టింది విశ్వనాథం. ఆంధ్రాలో ఇరిగేషన్ ఇంజనీరుగా రిటైరై ఒటావా శివారు కనాటాలో స్థిరపడ్డాడు. ఐర్లండ్ నదులన్నా కాలువలన్నా ఆయనకు పిచ్చి. ఆ పదకొండు మందినీ వెతికి, పేర్లతో ఒక రాయి పెట్టించాలని అయిదేళ్లుగా కాలువ అధికారులకు అర్జీలు పెడుతున్నాడు. ప్రతిసారీ వద్దనే జవాబు.

ఇవాళ మెషిన్ రాకముందే వచ్చి మడతకుర్చీ వేసుకున్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, పైన కోటు. "నాలుగడుగులు దిగాక కాస్త మెల్లగా పోనివ్వు" అని ఆపరేటర్‌కు రెండుసార్లు చెప్పాడు. పాత పైపులుంటాయని ఆయన భయం కాబోలు అనుకుంది మధుమిత.

ఇప్పుడు ఆయన దగ్గరికి పరుగెత్తింది.

"అంకుల్, బోన్స్! ఎడమ గట్టంటే పడమటిది అన్నారు కదా మీరు?"

"అన్నాను."

"మరి ఎట్ల తప్పింది?"

"నీళ్లు పోయేవైపు తిరిగి నిలబడితే ఎడమ చేతి పక్కది ఎడమ గట్టు. ఐర్లండ్‌లో గ్రాండ్ కెనాల్‌కి ఎత్తు మధ్యలో ఉంటుంది. ఒక పక్క నీళ్లు డబ్లిన్‌కి, రెండో పక్కవి షానన్‌కి. ఇదీ అలాంటిదే. ఇక్కడ నీళ్లు దక్షిణానికి పోతాయి. రిపోర్టులో ఉత్తరానికి అని పడింది."

మధుమిత మట్టిలోనే కూలబడింది. "నా లైసెన్స్ పోతది అంకుల్. ఈ జాబ్ చూపించే ఇక్కడ పర్మనెంట్ రెసిడెన్సీకి అప్లై చేశా."

"నీకేం కాదు. తప్పు నాదని రాయి, సంతకం పెడతాను."

"మిమ్మల్ని ఎట్ల ఇరికిస్త? మీ గోదావరి కాలువలన్నీ సముద్రం వైపే పోతాయి. రెండు దిక్కుల పారే కాలువ మీకు కొత్త. పొరపాటు పడ్డారు, అంతే."

విశ్వనాథం కుర్చీలోంచి లేచాడు. గోతి అంచుకు వెళ్లాడు. బూట్లు విప్పి పక్కన పెట్టాడు. జేబులోంచి మడిచిన కాగితం తీసి, ఒక్కో పేరూ పైకి చదివాడు. ఆపరేటర్ తల వంచుకున్నాడు.

పదకొండో పేరు అయ్యాక మధుమిత ఆ కాగితం అందుకుంది. నీటుగా టైపు చేసిన పేర్లు. కింద ఇవాళ్టి తేదీ.

"అంకుల్... వీళ్లు ఇవాళ దొరుకుతారని మీకెట్ల తెలుసు?"

ఆయన గోతిలోకే చూస్తూ అన్నాడు.

"ముప్పయ్యారేళ్లు కాలువల మీద బతికినవాణ్ని, నీళ్లు ఎటు పోతాయో నాకు తెలీదా అమ్మాయ్? ఇక్కడ ఉన్నారని చెబితే కంచె కట్టి వదిలేసేవాళ్లు, లేరని చెప్పబట్టే తవ్వారు."